ఆరు మూరల ఖాళీ

మా గురువుగారికి ప్రశ్న అడిగితే సమాధానం చెప్పే అలవాటు లేదు. పని చెప్పే అలవాటు ఉంది. మోక్షం గురించి అడిగిన ఒక పెద్దమనిషి చేత తొమ్మిది రోజులు బావిలో పూడిక తీయించారు. కోపం తగ్గే ఉపాయం చెప్పమని నేను అడిగితే వంటశాల తాళం చేతిలో పెట్టారు. అది జరిగి పంతొమ్మిదేళ్ళయింది. కోపం సంగతి పక్కన పెడితే, పప్పుచారు మాత్రం బాగా కుదురుతోందని అందరూ అంటారు. ఈ కారణం చేత మా ఆశ్రమంలో ప్రశ్న అడగబోయేవాడు ముందు తన నడుం సంగతి చూసుకుంటాడు.

తాతారావు అలా చూసుకోకుండానే అడిగాడు. అతనున్న స్థితిలో నడుం ఎవరికీ గుర్తుండదు.

ముందు ఆశ్రమం గురించి చెప్పాలి. పేరుకు ఆశ్రమమే గాని, కాలువ గట్టున పన్నెండు గదులు, భోజనాలకు ఒక పెంకుల సావిడి, ఒక ఆవు, అంతే. గేటు దగ్గర్నుంచి గురువుగారి అరుగు దాకా ఒక మట్టి బాట ఉంది. దానికి రెండు వైపులా పూలమొక్కల వరస. ఆ వరస ఏ తోటమాలీ వేసింది కాదు. గురువు దగ్గరికి వట్టి చేతులతో వెళ్ళకూడదంటారు కదా. మా గురువుగారు పళ్ళూ పంచెలూ ముట్టరు. ఉండిపోవడానికి వచ్చేవాళ్ళు ఒక మొక్క తెచ్చి బాట పక్కన నాటాలి. ఈ ఏడు పూసి ఈ ఏడే పోయేది పనికిరాదు. ఎండకు మాడినా, వాన పడగానే కుదుట్లోంచి మళ్ళీ లేచేది కావాలి. నేను ఈ నియమం సరిగ్గా వినకుండా మొదటిసారి బంతి నారు పట్టుకొచ్చాను. ఆయన నారు నాటనిచ్చారు, నన్ను ఉండనివ్వలేదు. "ఇది పోయాక ఇంకోటి పట్టుకుని రా" అన్నారు. రెండోసారి మెట్టతామర దుంప తెచ్చాను. అది ఏపుగా పెరిగి, అటు పక్కవాళ్ళ చోటూ ఇటు పక్కవాళ్ళ చోటూ ఆక్రమించి, ఇప్పటికీ నాకు చెడ్డపేరు తెస్తూనే ఉంది.

ఇంకో నియమం కూడా ఉండేది. అది గురువుగారు పెట్టింది కాదు, మాకు మేమే పెట్టుకున్నాం. ఎవరి మొక్క వాళ్ళదే. ఒకరి మొక్కకు ఇంకొకరు నీళ్ళు పోయరు, ఎండుటాకు తీయరు, ఇలా చేస్తే బాగుంటుందని సలహా కూడా చెప్పరు. దాన్ని మర్యాద అనుకునేవాళ్ళం.

తాతారావు పూర్వం కాలువ లాకుల దగ్గర ఉద్యోగం చేశాడు. లాకు తలుపులు ఎత్తి, దించి, నీళ్ళు అంగుళాల లెక్కన వదలడం అతని పని. పడవలు తిరగడం మానేసి ఏళ్ళు గడిచినా ఉద్యోగం మాత్రం మిగిలింది. ఊరికి రెండు మైళ్ళ దూరాన, అటు నీళ్ళకూ ఇటు నీళ్ళకూ మధ్య ఒక పెంకుటిల్లు. అందులో తాతారావూ అతని భార్య మాణిక్యాంబా. పిల్లలు లేరు. ముప్ఫై ఒక్క ఏళ్ళు వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరే మాట్లాడుకుని బతికారు. రిటైరయ్యాక ఇద్దరూ మా దగ్గరకు వచ్చేశారు. ఇద్దరి తరఫునా ఆవిడే నేలసంపెంగ దుంపలు కొంగున కట్టుకుని తెచ్చింది. అవి ఏటేటా పిల్లదుంపలు పెట్టుకుంటూ బాట పక్కన ఆరు మూరల మేర అల్లుకున్నాయి. పొద్దు వాలేసరికి ఆ వాసన సావిడి దాకా వచ్చేది.

మాణిక్యాంబ కలుపుగోలు మనిషి. మొగుడి తరఫున కూడా ఆవిడే మాట్లాడేది. "మా వారు చారులో ఇంగువ ఎక్కువైందంటున్నారండి" అని ఆవిడ అంటే, పక్కన ఆయన నిజమేనన్నట్టు తలూపేవాడు. ఎప్పుడు అన్నాడో, అసలు అన్నాడో లేదో మాకు తెలియదు. అలా తొమ్మిదేళ్ళు గడిచాక ఒక భాద్రపదంలో జ్వరం వచ్చి, నాలుగు రోజుల్లో ఆవిడ పోయింది. ఆ తర్వాత తాతారావు మాట్లాడటం మానేశాడని చెప్పలేను. అతను మాతో ఎన్నడూ మాట్లాడలేదు. ఆ సంగతి మాకు అప్పుడు తెలిసింది.

అతను రెండు పనులు పట్టుకున్నాడు. మొదటిది, భోజనాల పంక్తిలో తన ఎడమ పక్క, మాణిక్యాంబ కూర్చునే చోట, ఒక ఆకు వెయ్యమన్నాడు. వేశాను. వడ్డించమన్నాడు. వడ్డించాను. అందరూ తిని లేచాక ఆ ఆకును తనే ఎత్తి తీసుకెళ్ళి ఆవుకు పెట్టేవాడు. తద్దినం నాడు తప్ప పోయినవాళ్ళకు ఆకు వెయ్యకూడదని పంక్తిలో కొందరు గొణిగారు. గురువుగారు విననట్టే ఊరుకున్నారు. వడ్డించేవాణ్ణి నేను కనక నా మాట చెబుతాను. ఖాళీ పీట ముందు వంగి అన్నం పెట్టినప్పుడల్లా ఆవిడ ఇంగువ మాట గుర్తొచ్చి దిగులేసేది. ఏడాది దాటాక విసుగు కూడా వచ్చింది. రెండూ నిజమే.

రెండో పని, ఆవిడ నేలసంపెంగకు నీళ్ళు పోయడం. పొద్దున్న రెండు బిందెలు, సాయంత్రం రెండు బిందెలు. వాన కురిసే రోజున కూడా నెత్తిన తువ్వాలు వేసుకుని వెళ్ళి పోసేవాడు. నేలసంపెంగకు మొదట్లో నీళ్ళు నిలిస్తే దుంప కుళ్ళుతుందని మాలో ప్రతివాళ్ళకూ తెలుసు. ఎవరి మొక్క వాళ్ళదే కనక మర్యాదగా చూస్తూ కూర్చున్నాం. మరుసటి వానలకు అక్కడ ఒక్క మొలక కూడా లేవలేదు. నిండుగా ఉన్న బాటలో ఆరు మూరల బురద మిగిలింది. వచ్చేపోయేవాళ్ళ చూపు ముందుగా దాని మీదే పడేది, పన్ను ఊడిన నోటి మీద పడ్డట్టు.

ఆవిడ పోయి రెండేళ్ళు నిండిన ఆశ్వయుజంలో, ఒక మధ్యాహ్నం, గురువుగారు అరుగు మీద కూర్చుని దారపు ఉండ చుట్టుకుంటున్నారు. తాతారావు వచ్చి మెట్టు కింద నిలబడ్డాడు. నేను మజ్జిగ ఇవ్వడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను.

"గురువుగారండీ, పోయిన మనిషి చోటు ఎన్నాళ్ళకి నిండుతాదండి? నిండదంటే నిండదని చెప్పెయ్యండి. లాకుల కాడ ఆ ఇల్లు ఖాళీగానే ఉందంటండి. ఎల్లిపోతాను. అక్కడైతే చూసేవోళ్ళు ఉండరు."

 ఇక్కడ కనీసం పూటకింత తింటున్నాడు, పక్క ఆకుకు తోడుగానైనా. ఆ నీళ్ళ మధ్య ఒంటి కొంపలోకి వెళ్ళాడంటే పొయ్యి వెలిగించడు. చెయ్యి పట్టుకుని ఆపేంత చనువు మాలో ఒక్కరికీ లేదు. గురువుగారైనా వద్దంటారేమోనని ఆయన మొహం చూశాను. ఆయన దారం చుట్టడం ఆపలేదు.

"బాట పక్కన ఆరు మూరలు ఖాళీగా ఉంది. అది నింపేసి వెళ్ళు," అన్నారు.

మర్నాడు పొద్దున్నే తాతారావు అవతలి గట్టున ఉన్న నర్సరీలకు వెళ్ళాడు. మధ్యాహ్నానికి ఆటోలో తిరిగి వచ్చాడు. ఆటో నిండా నల్ల కవర్లలో పూలమొక్కలు, అన్నీ విరగబూసి ఉన్నవే. పసుపు, ఎరుపు, ఊదా. పేర్లు నర్సరీవాళ్ళకే తెలియాలి. రెండు రోజుల్లో కవరు చించి కవరు చించి, సందు లేకుండా నాటేశాడు. నిజం చెప్పాలి, పెళ్ళి పందిట్లా ఉంది. మూడోనాడు సంచీ కట్టుకుని, నింపేశానండి, సెలవిప్పించండి అని వచ్చాడు.

గురువుగారు చేతులు వెనక్కి కట్టుకుని బాట వెంట నడిచి, అక్కడ ఆగి చాలాసేపు చూశారు.

"చాలా బాగుంది. ఇవి మళ్ళీ ఏడు పూశాక వెళ్ళు."

తాతారావు సంచీ విప్పుకున్నాడు. ఆ పూలు కార్తీకమంతా కళకళలాడాయి. మార్గశిరంలో విత్తనం కట్టాయి. మాఘం వచ్చేసరికి ఎండు పుల్లలయ్యాయి. అతను వేసవి అంతా ఆ పుల్లలు పీకకుండా కనిపెట్టుకుని ఉన్నాడు, వానలకు ఏమైనా లేస్తుందేమోనని. మృగశిర కార్తె వచ్చింది, తొలి వాన పడింది. అటూ ఇటూ వరసంతా పచ్చగా తల ఎత్తింది. అతని ఆరు మూరల్లో మాత్రం కొన్ని తుంగపోచలు మొలిచాయి.

"నా వల్ల కాలేదండి," అన్నాడు గురువుగారి ముందు నిలబడి.

"ఈసారి కొనకు. అడుగు. బాటలో ఉన్నవే చాలు," అన్నారాయన.

ఆరు మూరల నేల గుల్ల చెయ్యడం తాతారావుకు ఒక పూట పని. చేశాడు కూడా, చివికిన పేడ ఎరువు వేసి, బురద పోయేలా ఇసక కలిపి, నీరు నిలవకుండా బాట వైపు వాలు పెట్టాడు. కాని ఒక గది తలుపు తట్టి, నాకిది కావాలి అని అడగడం ఉంది చూశారా, అది అతనికి గునపానికి లొంగే పని కాదు. వారం రోజులు పార భుజాన వేసుకుని వరస పక్కన తిరిగాడు. ఎవరైనా ఎదురొస్తే పక్కకు తప్పుకున్నాడు.

చివరికి నా దగ్గరకు వచ్చాడు, రోజూ మొహం చూసేవాణ్ణి కనక. నేను ఉబ్బిపోయి, నా మెట్టతామర సగానికి సగం తవ్వుకోమన్నాను. గురువుగారు వింటూనే "అప్పలస్వామి తామర వద్దు. రెండేళ్ళలో మనకు నడవడానికి బాట కూడా మిగలదు" అన్నారు. కొంచెం కష్టమనిపించింది. అయినా ఆ మాటలో అబద్ధం లేదు. పక్కవాటిని బతకనిచ్చేవే ఏరుకోవాలని తాతారావుకు అప్పుడు తెలిసింది.

తర్వాత గవర్రాజు గారి గుమ్మం ఎక్కాడు. ఆయన రైల్వేలో చేసి వచ్చిన మనిషి. ఆయనవి వాన పడితే పూసే చిన్న గులాబీరంగు లిల్లీలు. తాతారావు మాట పూర్తి కాకముందే ఆయన చెప్పులు తొడుక్కున్నారు.

"తీసుకుపోవయ్యా, సగం తీసుకుపో. దుబ్బు బాగా ఒత్తయిపోయి పూతే తగ్గిపోయింది. విడదీస్తే దానిక్కూడా ఊపిరాడుతుంది. మూడేళ్ళ బట్టీ ఎవరినన్నా సాయం పిలుద్దామని చూస్తున్నాను. ఎవర్ని పిలవను?"

నేను ఆయనకు మూడేళ్ళుగా రోజూ రెండు పూటలా వడ్డిస్తున్నాను. నన్ను పిలవచ్చని ఆయనకు తోచలేదు. ఆయనకు సాయం కావాలని నాకూ తోచలేదు. పన్నెండు గదుల వాళ్ళం ఒకే బావి నీళ్ళు తాగుతూ ఎంత దూరంగా బతుకుతున్నామో, ఆ పూట లిల్లీ దుంపలు కడుగుతుంటే నాకు మొదటిసారి తెలిసింది. తెలిసి బాధ కలిగింది.

అలా ఏడెనిమిది గుమ్మాలు ఎక్కి దిగాక బాట అంచున వేసే పొట్టి మొక్కలు సరిపోయాయి. వాటి వెనక నిండుగా, కాస్త ఎత్తుగా లేచేది ఏదైనా కావాలి. అటువంటిది వరస మొత్తానికీ ఒకటే ఉంది: ఆ ఖాళీకి ఆనుకుని ఉన్న పచ్చ చామంతి. అది చెల్లాయమ్మ గారిది.

చెల్లాయమ్మ గారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఒక్కగానొక్క కూతురు రాజ్యం పురిట్లో పోయాక, ఆ పిల్ల పెరట్లో ఉన్న చామంతి పిలక ఒకటి పట్టుకుని ఆవిడ మా దగ్గరకు వచ్చారు. వచ్చి పధ్నాలుగేళ్ళు. ఆ మొక్కను ఆవిడ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు; తాను కూడా నీళ్ళు పోయడం తప్ప ముట్టుకోలేదు. చామంతి సంగతి తెలిసినవాళ్ళు ఏటా పిలకలు విడదీసి మళ్ళీ నాటుకుంటారు. విడదీయని దుబ్బు ఏళ్ళు గడిచేకొద్దీ మధ్యలో కట్టెబారి, చుట్టూ మాత్రం బతుకుతుంది. ఆవిడ చామంతి అలాగే అయింది. అంచులన పచ్చగా పిలకలు, నడుమ చేటంత ఎండు. ఆవిడ పంక్తికి కూడా వచ్చేవారు కాదు. నేను కంచంలో పెట్టి ఇస్తే తన గది అరుగు మీద కూర్చుని తినేవారు.

తాతారావు ఆ అరుగు ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. నేను సావిడి గుమ్మంలో బియ్యం ఏరుకుంటున్నాను. అక్కడికి అన్నీ వినిపిస్తాయి.

"అక్కగారండీ, చామంతి పిలకలు కావాలండి."

"కుదరదు."

"అలాగేనండి," అని తిరిగాడు. నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. "నడుమంతా ఎండిపోయిందండి అక్కగారూ. మీరు చూశారో లేదో."

"చూస్తూనే ఉన్నాను. నాలుగేళ్ళయింది."

"పక్కలంట బతికే ఉందండి. తీసి విడిగా పెడితే నిలుస్తాదండి. ఇలాగే వదిలేస్తే పక్కలు కూడా ఎక్కువ కాలం ఉండవండి."

"నీ దుంపలు నిలిచాయా?"

కటువుగానే అన్నారు.  దానికి తాతారావు చెప్పింది, పన్నెండేళ్ళలో మా ఆశ్రమంలో అతను మాట్లాడిన మాటల్లోకెల్లా పొడుగైనది.

"లేదండి. నేనే చంపేశానండి. కుళ్ళిపోతాదని నాకు తెలుసండి. నీళ్ళ సంగతి నాకు తెలవకపోతే ఇంకెవరికి తెలుస్తాదండి? తెలిసే పోశానండి. పొద్దున్నే లేస్తే ఆవిడకి చెయ్యడానికి నాకింకో పని లేదండి. అది కూడా మానేస్తే ఆ పూటంతా ఏం చెయ్యాలో తోచేది కాదండి."

చెల్లాయమ్మ గారు పక్కన పెట్టుకున్న చేతికర్ర అందుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ అరుగు దిగారు. చామంతి దగ్గరకు వచ్చి దాని నడుమనున్న ఎండు వైపు వేలు చూపించారు.

"నువ్వు తెగ ముట్టుకుని పోగొట్టుకున్నావు. నేను ముట్టుకోక పోగొట్టుకుంటున్నాను. గునపం తెచ్చుకో తమ్ముడూ."

కుదురు కింద గునపం దిగి పైకి లేచినప్పుడు వేళ్ళు తెగిన చప్పుడైంది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగి నిలబడ్డారు. ఆపమని మాత్రం అనలేదు. తాతారావు ఆ దుబ్బును గోనెపట్టా మీద పెట్టి, మట్టి దులిపి, వేరున్న పిలకలను ఒక్కొక్కటే చేత్తో విడదీశాడు. లాకు తలుపులు తిప్పిన చేతులు అంత మెల్లగా కదలగలవని నేను అనుకోలేదు. నడిమి ఎండు కట్టె చేతిలో మిగిలింది. "ఇదేం చెయ్యమంటారండి?" అని అడిగాడు. ఆవిడ దాన్ని తీసుకుని వెళ్ళి అరుగు మూల పెట్టుకున్నారు.

మర్నాడు ఆరుద్ర కార్తె. మబ్బు పట్టి ఉంది. పొద్దున్నే తాతారావు నాటడం మొదలుపెట్టాడు. ముందు అంచున లిల్లీలు, వెనక చామంతి పిలకలు. దొరక్క దొరక్క దొరికాయి, పైగా నేల బోడిగా కనిపిస్తోంది. చిన్నచిన్న పిలకలు కదా. ఒకదాని పక్కన ఒకటి ఆకులు తగిలేలా పెట్టుకుంటూ పోయాడు. గురువుగారు వచ్చి చూశారు. కింద కూర్చుని, రెండు పిలకల మధ్య తన ముంజేయి ఆనించారు. మూరెడు చెయ్యి పట్టడానికి అక్కడ బెత్తెడు చోటు కూడా లేదు. ఒకటి విడిచి ఒకటి పీకి తాతారావు చేతిలో పెట్టుకుంటూ పోయారు.

"అయ్యో, మళ్ళీ ఖాళీగా కనబడుతోందండి," అన్నాడు తాతారావు.

"మొదటి ఏడు ఖాళీగానే కనబడాలి. ఇప్పుడే నిండుగా ఉంటే అవి ఎటు పెరుగుతాయి?"

పీకిన పిలకలు గుప్పెడు నిండా ఉన్నాయి. వాటిని ఏం చెయ్యాలని అతను అడగబోయి, ఎందుకో అడగలేదు. చెల్లాయమ్మ గారి చోట నిన్న తవ్విన గొయ్యి అలాగే ఉంది. అందులో మట్టి గుల్ల చేసి, ముంజేయి ఆనించి కొలుచుకుంటూ, ఎడంగా నాటాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి, ఒక్కో మొదట్లో ఒక్క దోసెడు పోసి, చెంబులో ఇంకా నీళ్ళున్నా ఆపేశాడు. ఆ చెంబు వెనక్కి తెస్తుంటే అతని మొహం చూశాను. అంత ఒంటరి మొహం నేను ఇంతవరకూ చూడలేదు. పని అయిపోయింది. ఆరు మూరలూ నిండినట్టే; మళ్ళీ ఏడు దాకా ఉండమని గురువుగారు ఈసారి అనలేదు. ఇక అతన్ని ఆపడానికి ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదు.

భోజనాల వేళకు అతని సంచీ వచ్చి సావిడి స్తంభానికి ఆనుకుంది. తిని బయల్దేరతాడన్నమాట. నేను ఎప్పటిలాగే ఆకులు వేశాను. అతని ఎడమ పక్క ఎప్పటిలాగే ఒక ఆకు వేసి, ఎప్పటిలాగే వడ్డించాను. ఇదే ఆఖరుసారి అనుకుంటూ పప్పు ఒక గరిటె ఎక్కువే వేశాను. రెండేళ్ళు విసుక్కున్న ఆకు ఆ పూట నాకు కావలసినదిగా కనిపించింది.

అప్పుడు వాన మొదలైంది. ఆరుద్ర వాన అంటే చెప్పి రాదు. సావిడికి ఆ చివర పెంకులు కారతాయి కనక, అటు కూర్చున్నవాళ్ళు ఆకులు ఎత్తుకుని ఇటు సర్దుకున్నారు. అంతలో చేతికర్ర చప్పుడైంది. చెల్లాయమ్మ గారు కొంగు నెత్తిన కప్పుకుని, తడిసిన కాళ్ళతో సావిడి గడప దగ్గర నిలబడ్డారు. ఆవిడ అరుగు మీద జల్లు కొడుతోందట. పధ్నాలుగేళ్ళలో ఆవిడ పంక్తి దాకా రావడం అదే మొదలు.

ఆవిణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలో నాకు తోచలేదు. చోటు వెతుకుతూ పంక్తి వెంట చూశాను. అందరూ అదే చూశారు. ఖాళీగా ఉన్నది ఒక్కటే పీట. దాని ముందు వడ్డించిన ఆకు ఉంది. దాన్ని ముట్టుకునే ధైర్యం నాకు లేదు.

"నాకేం పర్వాలేదు, వాన తగ్గేదాకా ఇలా నిలబడతాను," అన్నారు చెల్లాయమ్మ గారు. ఆవిడ కళ్ళు స్తంభం దగ్గర సంచీ మీద పడ్డాయి. "ప్రయాణం కట్టావా తమ్ముడూ? పొద్దున్న నా చోట పెట్టిన పిలకలు కుదురుకునేదాకా ఎవరు చూస్తారనుకున్నావు? వెళ్ళేటట్టయితే వాటిని కూడా నువ్వే పీక్కుని వెళ్ళు. మళ్ళీ ఎండిపోతుంటే చూసే ఓపిక నాకు లేదు."

తాతారావు కలుపుతున్న అన్నం వదిలేసి సంచీ వైపు చూశాడు.  గురువుగారు పంక్తి మొదట్లో కూర్చుని తన ఆకు వైపు చూసుకుంటున్నారు. వెళ్ళొద్దనో ఉండమనో ఆయన ఇప్పుడైనా అంటారని ఎదురుచూశాను. అనలేదు.

తాతారావు ఎడమ పక్కకు తిరిగాడు. ఎడమ చెయ్యి చాచి, మాణిక్యాంబ ఆకు పై అంచు పట్టుకుని, భోజనం ముగించినవాళ్ళు మడిచినట్టే దాన్ని మెల్లగా మడిచాడు. మడిచి, దాని మీద ఒక్క క్షణం చెయ్యి ఉంచాడు.

"ఆవిడ తినేసిందండి," అన్నాడు. "మీరు కూర్చోండి అక్కగారూ."

గవర్రాజు గారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. నేను ఆ ఆకు ఎత్తి, చోటు తుడిచాను. కళ్ళు సరిగ్గా కనబడటం లేదు. చెల్లాయమ్మ గారు కర్ర గోడకు ఆనించి పీట మీద కూర్చున్నారు. పట్టలేని సంతోషంతో నేను కొత్త ఆకు తెచ్చి, తాతారావు ఆకుకు అంచు తగిలేలా వెయ్యబోయాను.

గురువుగారు పంక్తి మొదట్లోంచి చెయ్యెత్తారు.

"అప్పలస్వామీ, కొంచెం ఎడంగా వెయ్యి," అన్నారు. "మొదటి ఏడు కదా."